చలికాలం ఇంటిపనులకు ముందే వేసుకునే లెక్క



ఈవేళ మనం చలికాలంలో ఇంటిపట్టున చేసుకునే పనుల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "చలికాలంలో పనులేమిటమ్మా, పొద్దు ఇలా వచ్చి అలా పోతుంది, వంటా వార్పూ అయ్యేసరికి చీకటి పడుతుంది" అని మీరు అనవచ్చు. నిజమే. డిసెంబరు 21, 22 తేదీలకు మన ప్రాంతంలో పగలు సుమారు 11 గంటలే. సాయంత్రం ఆరు కొట్టకముందే దీపాలు పెట్టేస్తాం. తక్కిన 13 గంటలూ రాత్రే. అంత చిన్న పగటినీ, అంత పెద్ద రాత్రినీ ఎలా వాడుకోవాలో ముందుగా ఒక లెక్క వేసుకోకపోతే రెండూ చేజారిపోతాయి.

మంచు కురిసే చోట్ల ఈ లెక్క వేరుగా ఉంటుంది. లడఖ్‌లో చలికాలం వస్తే కొండదారులు మంచుతో మూసుకుపోతాయి. పొలంలో పని ఉండదు. ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ చేరి ఉన్ని వడుక్కుంటారు, నేసుకుంటారు. కాశ్మీరులో నిప్పుల కుంపటి దగ్గర పెట్టుకుని శాలువల మీద సూదిపని చేస్తారు. ఐరోపా, అమెరికా పల్లెల్లో పాతగుడ్డల పీలికలు చేర్చి బొంతలు కుట్టుకోవడం, పనిముట్లు బాగుచేసుకోవడం చలికాలపు పనులుగా ఉండేవి. అక్కడ కాలమే తలుపు మూసి మనిషిని లోపల కూర్చోబెడుతుంది. ఏదో ఒక పని పెట్టుకుని పొద్దుపుచ్చడమే వాళ్ళకు కావలసింది.

మాది దాచేపల్లి. నాగులేటి ఒడ్డున ఉన్న ఊరు. గుంటూరు జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. వేసవిలో రెంటచింతల ఎండల కబురు మీరు రేడియోలో వినే ఉంటారు. ఆ రెంటచింతల మాకు దగ్గరే. మా వైపు ఆడవాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టేది రోహిణీకార్తె ఎండ గాని, చలి కాదు. చలికాలం వచ్చిందంటే మా ఇళ్ళ తలుపులు బార్లా తెరుచుకుంటాయి. దసరా, దీపావళుల నాటికి పత్తి పగలడం మొదలవుతుంది. అప్పటినుంచి సంక్రాంతి దాకా రెండు మూడు విడతలుగా పత్తి తీయాలి. మార్గశిరంలో వరికోతలు. పుష్యంలో కంది ఇంటికొస్తుంది. జనవరి వచ్చేసరికి మిరపచేలు ఎర్రబారతాయి. ఇక ఫిబ్రవరి, మార్చి నెలలు మిరప కోతలతో, కల్లాలతో సరి. చేతులు చాలక కర్నూలు జిల్లా ఆదోని, ఆలూరు వైపుల నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో కూలికి తరలివస్తాయి.

మరి ఇంటిపని ఎప్పుడు? పోలిస్వర్గం నాడు దీపాలు నీళ్ళలో వదిలిన మర్నాటి నుంచి భోగి దాకా. ఏడాదిని బట్టి నాలుగు వారాల నుంచి ఎనిమిది వారాల దాకా దొరుకుతుంది. మధ్యమధ్య పత్తి తీతకు పోగా మిగిలిన రోజులే మనవి. పట్నంలో ఉన్న మీకు పత్తీ, మిరపా లేకపోవచ్చు. కానీ సంక్రాంతికి వచ్చే చుట్టాలున్నారు, జనవరి దాటితే పిల్లల పరీక్షల హడావిడి ఉంది, మార్చిలో ఆఫీసు లెక్కల పేరిట మగవాళ్ళ ఆలస్యాలున్నాయి. మీకూ ఆ నాలుగైదు వారాలే ఊపిరాడేవి. అందుచేత మన లెక్క ఖాళీ కాలాన్ని నింపుకునే లెక్క కాదు, ఉన్న కాస్త కాలాన్నీ కాపాడుకునే లెక్క.

మొదట చూసుకోవలసింది చోటు. ఏ పని చేయాలన్నా కూర్చునే చోటు ఉండాలి కదా! మా పల్లెల్లో పత్తి తీసిన వెంటనే అమ్మరు. ధర పెరుగుతుందేమోనని కొన్నాళ్ళు ఆపుతారు. గోదాములు లేనివాళ్ళు దాన్ని ఇంట్లోనే పోస్తారు. ముందుగది సగం ఎత్తు దాకా పత్తే! మంచాలు వసారాలోకి వస్తాయి. పత్తిలోని నలుసులూ, కంటికి కనిపించని పురుగులూ ఒంటికి తగిలి దురదలు, దద్దుర్లు. చిన్నపిల్లలున్న ఇళ్ళల్లో ఆ బాధ చెప్పనలవి కాదు. పైగా నిప్పు భయం. అందుకని పత్తి ఇంటికి రాకముందే ఏ గదిలో పోయాలో తేల్చుకోవాలి. ఆ గదిలో దీపం, అగరువత్తి, దోమలచుట్ట ఏదీ వెలిగించరాదు. అటువైపు చుట్టా, బీడీ కాల్చేవాళ్ళని రానివ్వకూడదు. పాత కరెంటు తీగలుంటే బాగుచేయించాలి. పసిపిల్లలూ, ముసలివాళ్ళూ పడుకునే గది అది కాకుండా చూడాలి. మీ ఇళ్ళల్లో పత్తి బదులు పాత పేపర్లు, పగిలిన కుర్చీలు, అట్టపెట్టెలు ఉంటాయి. అటక నిండా ఉన్న వాటిలో నిరుడు ఒక్కసారైనా కిందికి దిగినవి ఎన్నో చూడండి. చోటు దొరుకుతుంది.

ఇంకొక్క మాట, చోటు సంగతిలోనే. ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఉందనుకోండి, ఆ పిల్ల ఎక్కడ కూర్చుని చదువుకుంటుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే పత్తికి గది చూపించండి. దీని గురించి మళ్ళీ చెప్తాను.

రెండోది, పనులను మూడు కుప్పలుగా విడదీసుకోవాలి. ఎండతో పని ఉన్నవి ఒకటి. పగటి వెలుతురుతో పని ఉన్నవి రెండు. దీపం కింద కబుర్లు చెప్పుకుంటూ చేసుకోగలిగినవి మూడు. ఇలా విడదీయకపోతే ఏమవుతుందంటే, పగలంతా ఏవో పల్లీలు ఒలుచుకుంటూ గడిపి, రాత్రి కళ్ళు చిట్లించుకుని సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంటాం. నలభై దాటిన కళ్ళకు అది మంచిది కాదు.

ఎండ పనులు చూద్దాం. చలికాలపు ఎండ మెత్తన. వేసవి ఎండలా మాడ్చదు, కానీ గాలి పొడిగా ఉంటుంది గనుక చక్కగా ఆరుతుంది. ముందు పరుపులు, దుప్పట్లు, దిండ్లు ఎండెయ్యండి. తర్వాత పప్పుదినుసులు. కందులకు పుచ్చు పురుగు తరచు చేలోనే పడుతుంది. చేలో కాయ మీదే పురుగు గుడ్డు పెడుతుంది, గింజతోపాటు అది మనింటికొస్తుంది. అందుకే కొత్త కందులను రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టి, పంటికింద పెడితే టక్కున విరిగేలా చూసుకుని, నీడలో పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడిమీద మూతపెడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఎండిన వేపాకు అడుగున, పైన పరచడం మన పెద్దలు చేసిందే. మా వైపు కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టి పప్పు విసిరేవారు. పెసలు, మినుములు గింజగానే నిలవ పెట్టుకునేవాళ్ళు కిలోకు ఒక చెంచాడు వంటనూనె చేతికి రాసుకుని గింజలన్నిటికీ పట్టించినా పురుగు గుడ్డు నిలవదు. పట్నంలో పప్పే కొనుక్కునేవాళ్ళకు కొత్త కందిపప్పు జనవరి, ఫిబ్రవరి నెలల్లో బజారుకొస్తుంది. అది వచ్చేలోగా పాతపప్పు వాడేసి, డబ్బాలు కడిగి ఎండబెట్టి ఉంచుకోండి. పాతదాని మీద కొత్తది పోయకండి. పాతదాంట్లో ఒక్క పురుగున్నా కొత్తదంతా పోతుంది.

ఇక ఊరగాయలు. ఆవకాయ వేసవిది. చలికాలం చింతకాయదీ, ఉసిరికాయదీ. మార్గశిర, పుష్య మాసాల్లో చింతకాయ బాగా ముదిరి, ఇంకా పండకుండా ఉంటుంది. కడిగి, తడి లేకుండా తుడిచి, ఉప్పూ పసుపూ వేసి కచ్చాపచ్చాగా తొక్కి జాడీలో పెట్టి, మూడోనాడు తీసి గింజలూ, ఈనెలూ ఏరేసి మళ్ళీ మెత్తగా తొక్కుకుంటే ఏడాది నిలవ. ఈ ఏరడం రాత్రిపూట చేసుకోవచ్చు. పండుమిరపకాయల కొరివికారం సంక్రాంతి దాటాక, తొలికోత కాయ వచ్చినప్పుడు. కిలో కాయలకు పావుకిలో చింతపండు, పావుకిలో ఉప్పు. కాయలను తొడిమలతోనే కడగండి. తొడిమ తీసి కడిగితే నీళ్ళు కాయ లోపలికి పోయి పచ్చడి బూజు పడుతుంది. నీడలో తడి పూర్తిగా ఆరాక అప్పుడు తొడిమ తీయండి. ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు మాత్రం ఇప్పుడు తొందరపడి కొనకండి. తొలికోతల్లో కల్లం మీద సరిగా ఎండని కాయ కూడా బజారుకొస్తుంది. పండిన కాయలో మూడు వంతులకు అటూ ఇటూగా నీళ్ళే ఉంటాయి. అది నూటికి పది, పదకొండు పాళ్ళకు దిగేదాకా ఎండితేనే నిలవ ఉంటుంది. తడి మిగిలిన కాయకు బూజు పడుతుంది. ఆ బూజులో ఒంటికి హాని చేసే విషం పుడుతుంది. కాయ చేత్తో ఊపితే లోపల గింజ గలగలమనాలి. అదే పరీక్ష.

పగటి వెలుతురు పనుల్లో మొదటిది సున్నం. మాకు పిడుగురాళ్ళ పక్కనే గనుక సున్నానికి లోటు లేదు. ఇప్పుడు రంగుల డబ్బాలొచ్చాయి గాని, సామాను గదికి, గాదెలున్న గదికి సున్నమే మేలు. పురుగును దగ్గరకు రానివ్వదు, గోడ పగుళ్ళు పూడుతాయి. సున్నపురాయి తడిపేటప్పుడు ఒక జాగ్రత్త. పెద్ద పాత్రలో ముందు నీళ్ళు పోసి, అందులో రాయి కొద్దికొద్దిగా వేయండి. రాయి మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి మీదికి చిందుతుంది. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. కంట్లో పడితే నలపకుండా వెంటనే ధారగా మంచినీళ్ళతో చాలాసేపు కడిగి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

రెండోది బొంత. మెత్తబడిన నూలు చీరలు నాలుగైదు పరిచి, అంచులు కలిపి, బారు కుట్టు వేసుకుంటూ పోవడమే. మా పల్నాటి తండాల్లో లంబాడీ ఆడవాళ్ళు అద్దాలూ, గవ్వలూ, రంగుదారాలూ కలిపి కుట్టే పని చూస్తే మనకు సూది పట్టుకోవాలనిపిస్తుంది. అంత పనితనం మనకు లేకపోయినా రోజుకు గంట చొప్పున ఆరు వారాలంటే 42 గంటలు. ఆ 42 గంటల్లో ఒక బొంత తేలిగ్గా పూర్తవుతుంది. కానీ ఒక్కటే మొదలుపెట్టండి. ఒక బొంత, రెండు లంగాలు, మూడు దిండుగలీబులు అని ఒకేసారి పరుచుకుంటే సంక్రాంతికి అన్నీ సగం సగం మూటకట్టి అటకెక్కించాల్సి వస్తుంది.

దీపం కింద చేసే పనులు మీకు చెప్పాలా? వత్తులు చేసుకోవడం, పల్లీలు ఒలవడం, చింతకాయ ఈనెలు తీయడం. వీటితోపాటు మనం పని అనుకోని పని ఒకటుంది. అది కాగితాల పని. పొలం పాసుపుస్తకం, కూలీల లెక్క, ఎరువుల కొట్టు రసీదులు, ఇంటిపన్ను, కరెంటు బిల్లులు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు, ఆరోగ్య కార్డులు. ఒక రాత్రి అన్నీ చాపమీద పరిచి, సర్ది, ఏది ఎక్కడుందో ఒక తెల్లకాగితం మీద మీ చేత్తో రాసిపెట్టండి. ఇంటాయన ఊళ్ళో లేనప్పుడు అవసరం వస్తే తడుముకోనక్కర్లేదు. ఇంటి అప్పెంత, ఆస్తెంత ఇల్లాలికి తెలియడం ఎవరికీ చిన్నతనం కాదు.

వీటన్నిటికీ గడువు భోగి. పెద్దలు ఆ పండుగ పెట్టిన ఉద్దేశం ఏదైనా, మనకు మాత్రం ఏడాదికొకసారి ఇల్లు దులుపుకోవడానికి మంచి తారీఖు. వారం ముందు నుంచే పాతవాటిని ఏరండి. బాగుచేసుకునేవి, ఇంకొకరికి ఇచ్చేవి, పాతసామాన్లవాడికి వేసేవి, ఇవి పోగా మిగిలిన చెక్కముక్కలే మంటకు. ప్లాస్టిక్కూ, టైర్లూ భోగిమంటలో వేయకండి. ఆ పొగ పీల్చేది చలికాచుకోవడానికి దగ్గరగా కూర్చున్న మన పిల్లలే.

ఇప్పుడు ఆ పదో తరగతి పిల్ల సంగతికి వస్తాను. మా పల్లెల్లో మిరప కోతలు ముమ్మరంగా ఉండేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. పదో తరగతి పరీక్షలూ మార్చిలోనే. కోతకు మనిషి దొరకడం కష్టం. కూలి డబ్బు ఆశగా ఉంటుంది. తల్లి కోతకు వెళితే ఇంట్లో చంటిపిల్లవాణ్ణి చూసుకోవడానికో, వంట దించడానికో ఆ పిల్లను బడి మాన్పిస్తారు. "ఒక్కరోజే గదమ్మా" అంటారు. ఆ ఒక్కరోజు వారమవుతుంది. వారం పోయిన పిల్లకు లెక్కల పాఠం అందదు. అందని పాఠానికి సిగ్గుపడి తనే మానుకుంటుంది. ఎవరూ "నీ చదువు ఆపేశాం" అని చెప్పరు, అయినా ఆగిపోతుంది. కూలికి వలస వచ్చిన ఇళ్ళల్లో ఈ కష్టం మరీ ఎక్కువ, పిల్లల బడి సొంతూళ్ళోనే ఉండిపోతుంది గనుక. నేను పదో తరగతి దాకానే చదివినదాన్ని. ఆ పదీ చదివినందువల్లే ఈవేళ మీతో రేడియోలో మాట్లాడగలుగుతున్నాను. అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

చలికాలపు పనుల పట్టికకూ దీనికీ సంబంధం ఏమిటంటారా? ఉంది. డిసెంబరులో చేసిపెట్టుకోగలిగిన పని ఫిబ్రవరిలోకి జరిగితే, ఆ బరువు పడేది ఇంట్లో ఖాళీగా కనిపించే ఆడపిల్ల మీదే. పప్పు విసిరి ఉంచుకుంటే, కారం పసుపులు సర్ది ఉంచుకుంటే, చంటిపిల్లవాణ్ణి ఎవరు చూడాలో అత్తగారితోనో, పక్కింటి పిన్నితోనో ముందే మాట్లాడుకుంటే, ఆ పిల్ల పుస్తకం మూయాల్సిన పని రాదు. పట్నంలోనూ అంతే. పండక్కి పదిమంది చుట్టాలొస్తే కాఫీలందించడానికి లేచేది చదువుకునే అమ్మాయే గాని అబ్బాయి కాదు. ఔనా, కాదా మీరే చెప్పండి.

కనుక ఒక కాగితం తీసుకుని గీతలు గీసి పనులు రాయండి. పని పేరు, ఎండకా వెలుతురుకా దీపానికా, ఏ తారీఖులోగా, ఎవరు చేయాలి అని నాలుగు గళ్ళు. ఈ నాలుగో గడిలో మీ పేరే పైనుంచి కిందిదాకా ఉంటే ఆ కాగితం చించేసి మళ్ళీ రాయండి. అటకమీది సామాను దించడం, సున్నం కొట్టడం, డబ్బాలు ఎండలోకి మోయడం మగపిల్లలు చేయలేని పనులు కావు. పల్లీలు ఒలవడానికి ఇంటాయన చేతులూ పనికొస్తాయి. టీవీ చూస్తూనే ఒలవచ్చు!

పట్టికలో మొదటి వరుసలో రెండు సంగతులు రాసి, చుట్టూ గీత గీయండి. ఒకటి, పిల్లల చదువుకు రోజూ ఏ రెండు గంటలు, ఏ గదిలో అన్నది. ఆ సమయంలో పత్తి బండి వచ్చినా, చుట్టాలొచ్చినా ఆ పిల్లను లేపకూడదు. రెండోది, మీకోసం మీరు ఉంచుకునే అరగంట. కుట్టుమిషను నేర్చుకుంటారో, ఆగిపోయిన చదువు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా మళ్ళీ మొదలుపెడతారో, గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న నవల చదువుకుంటారో, నడుం వాల్చి కాసేపు ఊరికే ఉంటారో, అది మీ ఇష్టం. అన్ని పనులూ అయ్యాక మిగిలిన సమయంలో చేసుకుందాం అనుకుంటే ఆ సమయం ఎన్నటికీ మిగలదు. ముందే తీసి పక్కన పెట్టాలి, విత్తనాలకు గింజలు తీసి పెట్టినట్టు. ఎంత కరువొచ్చినా విత్తనపు గింజలు వండుకోం కదా!

చివరగా ఒక మాట. పట్టికలో రాసినవన్నీ జరగకపోవచ్చు. వాన పడి పత్తి తడిస్తే ఇల్లంతా చేలోకి పరుగెత్తాల్సిందే. పిల్లవాడికి జ్వరం రావచ్చు. అప్పుడు బొంత ఆపండి, సున్నం ఆపండి, వడియాలు అసలే మానేయండి. వడియాలు లేని పండుగ పండుగే. గీత గీసిన ఆ రెండింటినీ మాత్రం కదపకండి.

ఈ ఏడు పోలిస్వర్గం దీపాలు వదిలి ఇంటికొచ్చిన రోజునే మీరూ ఆ కాగితం ముందేసుకుని కూర్చుంటారని ఆశిస్తాను.